నొప్పి సూది వేయిస్తే ఆవు చూడి కట్టదా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా జెర్సీ సంకరజాతి ఆవు ఈని అయిదు నెలలైంది. మూడుసార్లు సెమెన్ వేయించినా మళ్లీ మళ్లీ పొర్లుతోంది (చూడి నిలవక తిరిగి ఎదకొస్తోంది). మూడోసారి ఎదలో ఉన్న రోజే, కుంటుతోందని నొప్పీ వాపూ తగ్గే సూది వేశారు. అందుకే గుడ్డు విడుదల కాలేదని ఊళ్లో అంటున్నారు. నిజమేనా సార్?

జవాబు: ఆ మాటలో కొంత నిజముంది. కానీ మొదటి రెండుసార్లూ ఆ సూది వేయలేదు కదా, నెపమంతా దానిమీదే వేయలేం.

ఎదలో మెదడు కింది గ్రంథి నుంచి ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ తర్వాత సుమారు 24–30 గంటల్లో అండాశయం మీది బుడగ చిట్లి గుడ్డు బయటికొస్తుంది. ముల్లు గుచ్చుకున్నచోట వాచినట్టే ఆ బుడగ గోడలోనూ చిన్నపాటి వాపు వస్తుంది. తెల్ల రక్తకణాలు చేరతాయి. వాపును నడిపే ఇంటర్‌ల్యూకిన్లు, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరుగుతాయి. గోడ పలచబడి తెగుతుంది. గుడ్డు విడుదల ఒకరకం వాపేనని లారెన్స్ ఎస్పీ అనే శాస్త్రవేత్త 1980లోనే ప్రతిపాదించారు. మెలాక్సికమ్, ఫ్లునిక్సిన్ వంటి నొప్పీ వాపూ తగ్గించే మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయి. ఈ తరగతి మందును నేరుగా బుడగలోకి ఎక్కించిన ప్రయోగాల్లో గుడ్డు విడుదల ఆగింది. కండకు వేసిన ఒక్క సూదికి ప్రతిసారీ అలా జరుగుతుందని మాత్రం అనుకోవద్దు.

కుంటు కొద్దిపాటిదైతే ఎద దాటాక ఒకరోజు ఆగి వేయించండి. జ్వరమో, తీవ్రమైన నొప్పో ఉంటే మందే ముందు. ఆ ఎద వదిలేయండి. మూడు వారాలకు మళ్లీ వస్తుంది.

నాకైతే అనుమానం గర్భసంచి మీదా, పొదుగు మీదా ఉంది. ఈనినప్పుడు మాయ ఆలస్యంగా పడిందా? ఎద తీగలో (ఎదలో కారే జిగురులో) తెల్లటి చీము పలుకులున్నాయా? తీగ అద్దంలా తేటగా ఉండాలి. గర్భసంచిలోనో పొదుగులోనో సూక్ష్మజీవులు చేరితే వాటి విషాలకు శరీరం టీఎన్‌ఎఫ్ వంటి సంకేత పదార్థాలను విడుదల చేస్తుంది. బుడగలో పనికొచ్చే ఈ తరహా పదార్థాలే రక్తంలో పెరిగితే ఎల్‌హెచ్‌ను అణచి, గుడ్డు విడుదలను ఆలస్యం చేస్తాయి. పాలు మామూలుగా కనిపించినా పొదుగువాపు లోపల ఉండొచ్చు, నాలుగు చన్ల పాలకూ విడివిడిగా సర్ఫ్ పరీక్ష (పాలలో సర్ఫ్ నీళ్లు కలిపి చూసేది) చేయించండి.

ఈసారి పొద్దున్న ఎద కనిపిస్తే సాయంత్రం సెమెన్ వేయించండి. మర్నాటికీ ఎద తగ్గకపోతే, మొదటిదానికి 24 గంటల తర్వాత ఇంకోటి వేయించండి. అవసరమైతే డాక్టరు గారు ఎల్‌హెచ్‌ను పెంచి గుడ్డు విడుదలయ్యేలా చేసే బుసెరెలిన్ సూది ఇస్తారు. గుడ్డు దిగాలని ప్రోస్టాగ్లాండిన్ సూది దుకాణంలో కొని మీరే వేసేయకండి. ఆవు అప్పటికే చూడి కట్టి ఉంటే ఈసుకుపోతుంది.

మీ వైపు చాలామంది ఒకసారి పాతపట్నంలో, ఇంకోసారి పర్లాకిమిడి ఎల్‌ఐ (లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్) గారి దగ్గర వేయిస్తుంటారు. రెండుచోట్లా వేయించిన తేదీలు, ఇచ్చిన మందులు ఒకే పుస్తకంలో రాసి డాక్టరు గారికి చూపించండి.