మూడో రోజుకు జ్వరం తగ్గింది.. యాంటీబయాటిక్ వల్లేనా?

ప్రశ్న: నా వయసు 43. పోయిన వారం 102 జ్వరం, ఒళ్లంతా నొప్పులు. మందుల షాపులో పారాసెటమాల్‌తో పాటు యాంటీబయాటిక్ ఇచ్చారు. మూడో రోజుకు తగ్గింది. నిన్న రాత్రి నుంచి మా పదహారేళ్ల అబ్బాయికీ అదే జ్వరం. మిగిలిన మాత్రలు వేయమంటారా? రోగనిరోధక శక్తికి ఏదైనా టానిక్ చెబుతారా?
– ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వేయొద్దమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి మీకు వచ్చింది వైరల్ జ్వరంలాగే ఉంది. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. చాలా వైరల్ జ్వరాలు మూడు నాలుగు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు మాత్రం మాత్రకు వచ్చింది.

యాంటీబాడీల గురించి అందరూ వినే ఉంటారు. కానీ కొత్త వైరస్ మీద అవి తయారై రావడానికి వారం దాకా పడుతుంది. ఈలోపు కాపాడేది పుట్టుకతోనే ఒంట్లో ఉండే రక్షణ.

2024 సెప్టెంబరులో బుడమేరు మీ వైపు ముంచెత్తింది కదా. ఇంట్లోకి నీళ్లొచ్చేసినవాళ్లు తమ సామాను దక్కకపోయినా పక్క వీధివాళ్లకు ఫోన్ చేసి ‘బియ్యం బస్తాలు మేడ మీదకి ఎక్కించుకోండి’ అంటారు. వైరస్ సోకిన కణం చేసేదీ అదే. లోపల వైరస్ కాపీలు తీసుకుంటుంటే కణంలోని కాపలా ప్రొటీన్లు దాని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను పసిగడతాయి. గంటల్లోనే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ బయటికి వెళుతుంది. అది అందిన పక్క కణాలు వైరస్ ఆర్‌ఎన్‌ఏను తునకలు చేసే ఎంజైములను ముందే సిద్ధం చేసుకుంటాయి. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ కోడిపిండం పొరల మీద ప్రయోగాలు చేస్తూ దీన్ని కనిపెట్టారు. ఇక అప్పటికే వైరస్ చేరిన కణాలను ఎన్‌కే (నేచురల్ కిల్లర్) అనే రక్షణ కణాలు వెతికి చంపుతాయి.

మీ ఒళ్లునొప్పులు, నీరసం చాలావరకు ఈ పోరాటం వల్ల వచ్చినవే. ఒకప్పుడు హెపటైటిస్ సి (వైరస్ వల్ల కాలేయానికి వచ్చే జబ్బు) రోగులకు ఇంటర్‌ఫెరాన్‌నే ఇంజెక్షన్‌గా ఇచ్చేవాళ్లం. సూది పడిన కొన్ని గంటలకే చలి, జ్వరం, కీళ్లనొప్పులు, అచ్చం ఫ్లూ వచ్చినట్టే! అందుకే జ్వరం 100 చూడగానే టెన్షన్ పడొద్దు.

టానిక్ డబ్బులతో పళ్లు కొనండి. బాబును బాగా నిద్రపోనివ్వండి.

జ్వరం, నొప్పులు ఇబ్బంది పెడితే బరువుకు తగ్గ మోతాదులో పారాసెటమాల్ చాలు. మజ్జిగ, కొబ్బరినీళ్లు, గంజి తరచుగా ఇవ్వండి. డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ దగ్గరికి రానివ్వొద్దు. రేపటికీ జ్వరం ఉంటే డాక్టర్‌కు చూపించి ఎన్ఎస్1 (డెంగీని పట్టే రక్తపరీక్ష), రక్తకణాల పరీక్ష చేయించండి. డెంగీ అయితే అసలు ప్రమాదం జ్వరం దిగే రోజుల్లోనే ఉంటుంది. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, జ్వరం లేదు కదా అని తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.