ఉద్యోగం చేస్తూ కవిత్వం, కథ రెండూ రాయొచ్చా?

మీరు అడిగినవి రెండు. మన విశాఖలోనే, గాజువాకలో ఉద్యోగం చేస్తూ కవితలూ కథలూ రాస్తున్నారు, ఏదో ఒకటే పట్టుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు, ఏం చేయాలి? రాయడానికి టైము దొరకడం లేదు కాబట్టి ఉద్యోగం మానేయాలా?

రెండోదానికి ముందు చెప్తాను. మానేయకండి. కవితకి పారితోషికం ఇచ్చే పత్రికలు తక్కువ, ఇచ్చినా టీ ఖర్చులకి సరి. కథకి కాస్త నయం. ఉగాదికో, సంక్రాంతికో, దీపావళికో పెట్టే పోటీల్లో బహుమతి వస్తే వేలల్లో చేతికొస్తుంది గానీ దాన్ని నమ్ముకుని ఇంటద్దె కట్టలేం. ఈ ఊళ్లో రాసి పేరు తెచ్చుకున్న పెద్దలకీ వేరే జీవనాధారం ఉండేది. రావిశాస్త్రిగారు ప్లీడరు, కారా మాస్టారు బడిపంతులు.

ఇక మొదటిది. నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. ఏ బోటుకి ఎన్ని దిమ్మలు వెళ్లాయి, ఎవరిది నగదు, ఎవరిది అప్పు, అదే పని. బోట్లు వేటకి పోయే రోజుల్లో తెల్లారకుండానే ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు కథ రాయడం నా వల్ల కాదు. నిన్న ఎక్కడ ఆపానో, ఆ మనిషి గొంతు ఎలా ఉండేదో మళ్లీ పట్టుకునేసరికే కూర్చున్న టైము కాస్తా అయిపోతుంది. కవితతో ఆ బాధ లేదు. ఒక్క పాదం దొరికిందంటే చాలు, జగదాంబలో బస్సెక్కి మద్దిలపాలెంలో దిగేదాకా అది నోట్లోనే నానుతూ ఉంటుంది. పక్కవాడికి కూడా తెలియదు.

మరి కథలెప్పుడు అంటే, ఎండల్లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఐసుకి గిరాకీ ఉండదు, ఫోను మోగదు. నా కథలు దాదాపు అన్నీ ఆ రోజుల్లో, ఆఫీసు బల్ల మీద రాసినవే. మీ ఉద్యోగంలోనూ ఖాళీగా ఉండే సీజన్ ఏదో ఒకటి ఉంటుంది, కథల్ని దానికి దాచిపెట్టుకోండి. రోజూ నాలుగింటికే లేచి రాయమని సలహా ఇచ్చేవాళ్లకి కుళాయి దగ్గర బిందెలు పట్టే డ్యూటీ ఉండి ఉండదు.

అయితే రెండూ రాసేవాళ్లకి టైము కంటే పెద్ద తలనొప్పి ఇంకొకటుంది. కథ రాస్తుంటే మధ్యలో కవి వచ్చి చెయ్యి పెడతాడు. నిషేధం రోజుల్లో అడ్వాన్సు కోసం వచ్చిన ఓ కూలీ భార్య గురించి కథ రాస్తున్నాను. ఆయన మా దగ్గర ఐసు దిమ్మలు లాగే మనిషి. మొదటి ప్రతిలో "ఆమె కళ్లు నీళ్లింకిన రేవులా ఉన్నాయి" అని ఉండేది. వాక్యం బాగానే ఉంది, చదివిన ఫ్రెండు కూడా అక్కడే ఆగి మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నది మాత్రం నన్ను. ఆమె ఎందుకొచ్చిందో అతనికి గుర్తు లేదు. అది కొట్టేసి ఆమెచేత మాట్లాడించాను: "ఆ పొస్తకంలో మావోడి పేరు కింద ఇంకో ఐదొందలు రాసీ బాబూ. బోట్లెల్లినాక నానే వొచ్చి కట్టీసెల్తాను. ఆడికి మాత్రం సెప్పకు." అవసరం, పౌరుషం, మొగుడి మీద ఆమెకున్న నమ్మకం ఏపాటిదో, అన్నీ ఆ మాటల్లోనే వచ్చేశాయి. కొట్టేసిన రేవు కవితల నోటుబుక్కులోకి వెళ్లింది. అందుకే నాకు రెండు నోటుబుక్కులు.

రావిశాస్త్రిగారు పోలిక మీద పోలిక పేర్చలేదా అని మీరడగొచ్చు. పేర్చారు. ఆయన పోలికలు కోర్టు వసారాలోంచీ సారా దుకాణంలోంచీ లేచి వచ్చినట్టుంటాయి, వాటిలో వెటకారం ఉంటుంది. అవి అందానికి పెట్టినవి కావు, పెద్దమనుషుల్ని నిలబెట్టి కడిగేయడానికి పెట్టినవి. ఆ చూపు ఉంటే ఎన్ని పోలికలైనా వాడుకోండి.

కథ వల్ల కవితకి మాత్రం లాభమే. కథలో పాత్ర చేత మాట్లాడించి ఊరుకోవడం అలవాటయ్యాక, కవిత చివర అర్థం విప్పి చెప్పే నాలుగు పాదాలు నాకే ఎబ్బెట్టుగా కనిపించడం మొదలెట్టాయి. ఫేస్‌బుక్‌లో లైకులు ఎక్కువగా ఆ నాలుగు పాదాలకే పడతాయి, అది వేరే సంగతి.

కాబట్టి ఏదో ఒకటి వదిలేయమన్నవాళ్ల మాట పట్టించుకోకండి. ఈ ఊళ్లో పుట్టిన శ్రీశ్రీ కథలూ రాశారు. జనం కవిగా గుర్తుపెట్టుకున్నారు, అది జనం చేసుకున్న ఎంపిక.

మిగతావి చిన్న చిన్న సంగతులు. పత్రికకి పంపేటప్పుడు యూనికోడ్‌లో టైపు చేసి, సొంత రచనేనని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జత చేయండి. జవాబు నెలలు పట్టొచ్చు, ఆ టెన్షన్‌లో అదే కథ ఇంకోచోటికి పంపేయకండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సాహిత్య సభలు జరుగుతుంటాయి, వెళ్లండి. శాలువాల కార్యక్రమం అయ్యాక మెట్ల మీద జరిగే మాటలే అసలు సభ. ఒక సెలవు రోజు రైలెక్కి ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళంలోని కథానిలయం కూడా చూసి రండి. కారా మాస్టారు 1997లో పెట్టారు. పాత పత్రికల్లో అచ్చయిన కథలు అక్కడ దొరికినట్టు ఇంకెక్కడా దొరకవు. తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి.

పుస్తకం వేయాలని తొందరగా ఉంటే ఒక్క జాగ్రత్త. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి వేసే గుర్తింపు నంబరు, ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు.