పద్యం పంపితే అలక తీరుతుందా?

మిర్యాలగూడ నుంచి ఒక సోదరి రాశారు. నల్లగొండలో చుట్టాలింట్లో ఒడిబియ్యం రోజున, ఆడబిడ్డల ముందు భర్త "ఈమెకేం తెల్వదు, చీర కొనాలన్నా మా అక్క ఉండాలె" అని నవ్వాడు. ఇంటికొచ్చినప్పటి నుంచి ఈమెకు మాటల్లేవు. "నాన్నకు అన్నం వడ్డించానని చెప్పు" అని కొడుకుతో అనిపిస్తున్నారు. ఆయన తెలుగు సారు. కృష్ణుడు సత్యభామను బతిమాలే పద్యమొకటి వాట్సాప్‌లో పంపి, "ఇంకేం కావాలె నీకు?" అన్నాడట.

అమ్మా, సారు మంచి పద్యమే ఎంచుకున్నారు. దాని ముందూ వెనకా ఉన్న కథే వదిలేశారు.

నంది తిమ్మన కావ్యం 'పారిజాతాపహరణం'లో నారదుడు తెచ్చిన పారిజాత పువ్వును కృష్ణుడు రుక్మిణికిచ్చాడు. అక్కడితో ఆగితే ఏమయ్యేదో గానీ, ఇక సవతులందరిలో నువ్వే గొప్పని నారదుడు ఆమెను పొగిడాడు, ఆ మాటను చెలికత్తె సత్యభామకు మోసుకొచ్చింది. నలుగురిలో చిన్నబోయానన్నదే ఆమె మంట. మీ గొడవా చీర గురించి కాదు.

కృష్ణుడు కబురు పంపి ఊరుకోలేదు, తనే ఆమె దగ్గరికెళ్లాడు. కాళ్ల మీద పడి, తలమీద తన్ను తిన్నాడు. నా ఒంటి పులకలు ముళ్లై నీ పాదానికి గుచ్చుకున్నాయేమో అన్నాడు. సారు పంపింది ఈ పద్యమే. అంత తీపి మాటకు కూడా ఆమె కరగలేదు! కడుపులో ఉన్నదంతా అనేసి, ఆయన ఎదుటే భోరుమంది. అదంతా విన్నాకే కృష్ణుడు ఆ పారిజాతం చెట్టునే తెస్తానని మాటిచ్చి, ఇంద్రుడితో పోరాడి మరీ తెచ్చాడు. శ్రీకృష్ణదేవరాయలకూ ఆయన రాణి తిరుమలదేవికీ రాజీ కుదర్చడానికే తిమ్మన ఇది రాశాడని ఒక కథ చెబుతారు. కట్టుకథే అయినా, అల్లినవాళ్లకు సంసారం తెలుసు.

(తన్నడం కావ్యం వరకే. చెయ్యి లేచే ఇంట్లో దాన్ని అలక అనరు. అలాంటి ఇంట్లో ఉన్న ఆడవాళ్లు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.)

సత్యభామ నోరు విప్పింది, మీరింకా విప్పలేదు. ఈ రాత్రి పిల్లాడు పడుకున్నాక, "అందరి ముందు నన్ను తక్కువ చేసినవు, నాకు మస్తు బాధైంది" అని సూటిగా చెప్పండి. పాత లెక్కలు తీయకండి. సారూ, మీరు మధ్యలో సమర్థించుకోకుండా వినండి. తర్వాత మీ అక్కకు ఈమె ఎదుటే ఫోన్ చేసి, ఆ రోజు నేనన్నది తప్పని చెప్పండి. నలుగురిలో పోయిన మర్యాదను నాలుగు గోడల మధ్య తిరిగివ్వలేం.

పిల్లాడితో కబుర్లు పంపడం మాత్రం ఇప్పుడే ఆపండి. మీ ఇద్దరి టెన్షన్ వాడికెందుకు?