గ్రఫీన్‌ఓఎస్‌లో యూపీఐ సిమ్ వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతుంటే

గ్రఫీన్‌ఓఎస్ (గోప్యత, భద్రత కోసం చేసిన ఆండ్రాయిడ్ ఆధారిత ఓఎస్) ఉన్న మీ ఫోన్‌లో బ్యాంకు యాప్ రెండో ప్రొఫైల్‌లో, అంటే అదే ఫోన్‌లో విడిగా పెట్టుకున్న ఇంకో యూజర్ ఖాతాలో పెట్టాక సిమ్ వెరిఫికేషన్ ముందుకు కదలట్లేదన్నారు కదా. తప్పు యాప్‌ది కాదండి. యూపీఐ రిజిస్ట్రేషన్‌కి మీ సిమ్ నుంచే ఎస్ఎంఎస్ వెళ్లాలి. అదనపు ప్రొఫైళ్లకి కాల్స్, ఎస్ఎంఎస్ మామూలుగా ఆపేసి ఉంటాయి. ఓనర్ (ఫోన్ అసలు) ప్రొఫైల్‌కి వచ్చి సెట్టింగ్స్, సిస్టమ్, యూజర్స్‌లో ఆ ప్రొఫైల్ నొక్కి, ఫోన్ కాల్స్, ఎస్ఎంఎస్ ఆన్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

తెరవగానే మూసుకుపోతోందని మీరన్న ఇంకో యాప్‌కి మందు వేరు. దాని యాప్ ఇన్ఫోలో ఎక్స్‌ప్లాయిట్ ప్రొటెక్షన్ కంపాటిబిలిటీ మోడ్ ఆన్ చేయండి. ఆ ఒక్క యాప్‌కే రక్షణ కాస్త తగ్గుతుంది, మిగతావాటికి ఏం కాదు. "ఈ ఫోన్ సురక్షితం కాదు" అని యాప్ మొండికేస్తే మాత్రం అది ప్లే ఇంటిగ్రిటీ (ఫోన్ నమ్మదగ్గదేనా అని యాప్‌లు గూగుల్ ద్వారా చూసుకునే) తనిఖీ అయ్యుంటుంది. గ్రఫీన్‌ఓఎస్ గూగుల్ సర్టిఫై చేయని ఓఎస్ కాబట్టి ఆ తనిఖీలో పై స్థాయిలు దాటదు, సెట్టింగులతో తేలే పని కాదు. (అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్లేమో చాలాసార్లు హాయిగా దాటేస్తాయి. ఏం చెప్తాం!)

నోటిఫికేషన్లు ఆలస్యమైతే వాటిని చేరవేసే గూగుల్ ప్లే సర్వీసెస్‌కి బ్యాటరీ అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి.

విశాఖ ఎంవీపీ రైతుబజార్‌లో వంకాయలు తూయించాక యాప్ మొరాయిస్తే వెనకాల వాళ్లు ఊరుకోరు. అప్‌డేట్ పడినప్పుడల్లా ఇంట్లోనే ఎవరికైనా ఒక్క రూపాయి కొట్టి చూసుకుని బయల్దేరండి.