డాక్యుమెంటరీ కంటే యుద్ధచిత్రమే నిజంగా ఎందుకు తోస్తుంది?

డాక్యుమెంటరీలో ఉండేది జరిగిన సంగతి, యుద్ధచిత్రంలో ఉండేది నటన; అయినా రెండోదే ఎక్కువ నిజంగా ఎందుకు తోస్తుందని, ముందుగా ఏది చూడాలని మీరు అడిగారు. తిరుపతిలో పెళ్ళిళ్ళు, ఉత్సవాలు, అప్పుడప్పుడు చిన్న డాక్యుమెంటరీలు చిత్రీకరించే వృత్తిలో ఉన్నవాడిగా నాకు తెలిసినంత చెబుతాను. తెర మీద మనం నిజమని నమ్మేది చాలావరకు కెమెరా పడిన ఇబ్బందిని. అదిరే ఫ్రేము, సరిగ్గా కుదరని ఫోకస్, వీపులు తప్ప ముఖాలు కనబడని దృశ్యం చూస్తే, తీసినవాడు ప్రాణభయంతో అక్కడే ఉన్నాడని మనసు ఒప్పుకుంటుంది. అందుకే ఏ యుద్ధదృశ్యం చూసినా నేను మొదట ఆలోచించేది కెమెరా ఎక్కడ నిలబడి ఉందని, అక్కడ నిలబడిన మనిషి బతికి బయటపడగలడా అని.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర జరిగిన పోరు మీద తీసి, 1916లో బ్రిటన్‌లో విడుదల చేసిన డాక్యుమెంటరీ ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సోమ్’ ఈ పరీక్షకు బాగా పనికివస్తుంది. జెఫ్రీ మాలిన్స్, జె.బి. మెక్‌డోవెల్ అనే ఇద్దరు కెమెరామన్లు ముక్కాలిపీట మీద నిలిపి చేత్తో తిప్పే కెమెరాలతో తీసిన ఆ చిత్రానికి మొదటి ఆరు వారాల్లోనే దాదాపు రెండు కోట్ల టికెట్లు అమ్ముడయ్యాయి. జూలై 1 ఉదయం హాథార్న్ రిడ్జ్ అనే మెట్ట కింద మందుపాతర పేలిన దృశ్యమూ, గాయపడినవారిని మోసుకొచ్చే దృశ్యాలూ నిజమైనవే. కాని సైనికులు కందకంలోంచి పైకెక్కి తూటాలకు పడిపోయే అతి ప్రసిద్ధమైన ఘట్టాన్ని యుద్ధరేఖకు వెనక, శిక్షణ స్థలంలో చేయించి తీశారు. ఆ సైనికుల వీపులకు, నిజమైన దాడిలో ఉండాల్సిన బరువైన సంచులు లేవు. కెమెరా నిలిచిన చోటు నిజమైన దాడిలో ఎవరూ నిలవలేనిది. ఆనాటి ప్రేక్షకులను అన్నిటికంటే కదిలించిన దృశ్యాల్లో ఇదొకటి.

ఏమీ కల్పించకుండానే చిత్రం వేరే సంగతి చెప్పగలదని నాకు తెలిసింది తాతయ్యగుంట గంగమ్మ జాతరలో. దొర వేషం, మాతంగి వేషం వీధుల్లో తిరిగేటప్పుడు దూరంగా మేడ మీద నిలబడి జూమ్ లెన్సుతో తీస్తే, ముందూ వెనకా విడివిడిగా నడిచే జనం ఒకరికొకరు అతుక్కుపోయినట్టు కనబడతారు. ఆ వీడియో చూసిన మా వీధి పెద్దావిడ “ఇంత జనం యాడుండారు నాయనా, నేను గుడి కాడే కదా ఉండింది” అన్నారు. నేను ఒక్క మనిషినీ చేర్చలేదు, అయినా ఆవిడ అన్నదీ తప్పు కాదు. యుద్ధవార్తల్లో బారులు తీరిన ట్యాంకులను చూపినప్పుడు కూడా ఇదే లెన్సు ఇదే పని చేస్తుంది.

ఇక నటించిన యుద్ధం సంగతి. 1998లో స్పీల్‌బర్గ్ తీసిన ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’లో, రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లోని ఒమాహా తీరం మీద అమెరికా సైనికులు చేసిన దాడిని ఐర్లండ్‌లోని కర్రక్లో తీరంలో చిత్రీకరించారు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మామూలుగా ఒక్కో ఫ్రేము మీద సెకనులో 48వ వంతు సేపు వెలుగు పడుతుంది. ఛాయాగ్రాహకుడు జానుష్ కమిన్‌స్కీ ఆ వెలుగును తెరిచి మూసే షట్టర్‌ను ఇరుకు చేసి ఆ వ్యవధిని సగానికి, కొన్నిచోట్ల నాలుగో వంతుకు తగ్గించారు. దానితో కదలికల్లో ఉండే మసక పోయి, ఎగిరే ఇసుక రేణువులు విడివిడిగా, మనుషుల నడక కుదుపులుగా కనబడతాయి. లెన్సుల మీది పూతను కూడా తొలగించి పాత న్యూస్‌రీళ్ళ (అప్పట్లో సినిమా హాళ్ళలో వేసే వార్తాచిత్రాల) వెలిసిన రంగును తెప్పించారు. విచిత్రమేమిటంటే, ఆ యుద్ధంలో కెమెరామన్లు ఎక్కువగా వాడిన స్ప్రింగుతో నడిచే ఐమో కెమెరాలకు శబ్దం పట్టే ఏర్పాటే లేదు. వంద అడుగుల చుట్ట ఒక నిమిషం పైచిలుకు మాత్రమే వచ్చేది. న్యూస్‌రీళ్ళలో వినబడే తుపాకుల మోత చాలావరకు తర్వాత చేర్చినదే. నటించిన చిత్రం ఆ రీళ్ళ లోపాలను అరువు తెచ్చుకొని, వాటికి ఎన్నడూ లేని శబ్దాన్ని జోడించింది కాబట్టి, దాన్ని చూశాక అసలు రీళ్ళు మనకు చప్పగా తోస్తాయి.

నటనంతా మోసమని నేను అనను. 1966లో పాంటెకోర్వో తీసిన ‘ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’, ఫ్రాన్స్ పాలన మీద అల్జీరియా చేసిన స్వాతంత్ర్య పోరాటం గురించిన చిత్రం, న్యూస్‌రీలు లాగే ఉంటుంది; అమెరికాలో విడుదలైనప్పుడు, ఇందులో ఒక్క అడుగు న్యూస్‌రీలు కూడా లేదని ముందే ప్రకటించారు. సోమ్ చిత్రం చూసినవారికి ఆ మాత్రం మాట ఎవరూ చెప్పలేదు.

మీరు ముందుగా సోమ్ చిత్రమే చూడండి. అది మూకీ కాబట్టి ఇప్పటి ప్రతుల్లో వినబడే సంగీతాన్ని ఆపేసి, ప్రతి దృశ్యం దగ్గరా కెమెరా నిలిచిన చోటును ఊహించుకుంటూ చూడండి. ర్యాన్ ఆ తర్వాత.