మట్టి తేమ సెన్సార్ బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ అవుతోంది, బక్ కన్వర్టర్ వేస్తే సరిపోతుందా?

మీరు రాసినదాన్ని బట్టి 1000 ఎంఏహెచ్ లిథియం సెల్, ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (సెల్ వోల్టేజీని 3.3కి దించి నిలిపే చిప్), ఎన్‌ఆర్‌ఎఫ్52832 బ్లూటూత్ చిప్ ఉన్న మాడ్యూల్, వీ1.2 కెపాసిటివ్ సెన్సార్ వాడుతున్నారు. 15 నిమిషాలకోసారి రీడింగ్ బ్లూటూత్‌లో పంపుతున్నారు. బదులుగా మీరు వేద్దామనుకుంటున్న 95 శాతం ఎఫిషియెన్సీ బక్ మాడ్యూల్ (వోల్టేజీని స్విచింగ్‌తో తగ్గించే కన్వర్టర్) కొనకండి. అలాంటి అంకెలు పదులు, వందల మిల్లీ యాంప్‌ల లోడ్ దగ్గరివి. మీ బోర్డు దాదాపు ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. అప్పుడు చూడాల్సింది కన్వర్టర్ తనకోసం ఎంత తాగుతోందన్నది. బక్ మాడ్యూల్‌లో ఫీడ్‌బ్యాక్ నిరోధకాలు (అవుట్‌పుట్ వోల్టేజీని కొలిచి చూపేవి) మొత్తం 100 కిలోఓమ్‌లే ఉంటే, 3.3 వోల్ట్‌ల దగ్గర అవే 33 మైక్రో యాంప్‌లు లాగేస్తాయి.

మీ ఛార్జ్ ఎటు పోతోందో లెక్కలోనే కనిపిస్తోంది. ఏఎంఎస్1117 ఊరికే ఉన్నా సుమారు 5 మిల్లీ యాంప్‌లు, ఎప్పుడూ ఆన్‌లో ఉన్న సెన్సార్ ఇంకో 5. వెయ్యిని పదితో భాగిస్తే వంద గంటలు, అంటే మీ నాలుగు రోజులే. పైగా ఏఎంఎస్1117కి ఇన్‌పుట్ దాదాపు ఒక వోల్ట్ ఎక్కువ ఉండాలి. సెల్ 3.7కి దిగేసరికి అవుట్‌పుట్ 3.3 నిలవదు, దాంతోపాటు తేమ రీడింగ్ కూడా పక్కకు జరిగిపోతుంది.

ఏఎంఎస్1117ని తీసేసి ఎంసీపీ1700 రెగ్యులేటర్ 3.0 వోల్ట్ రకం పెట్టండి. అది తనకు వాడుకునేది 1.6 మైక్రో యాంప్‌లు. ఇన్‌పుట్‌కి ఒకటి, అవుట్‌పుట్‌కి ఒకటి 1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు చాలు. 3.7 నుంచి 3.0కి ఇలాంటి లీనియర్ రెగ్యులేటరైనా (మిగులు వోల్టేజీని వేడిగా వదిలేసేది) 81 శాతం ఎఫిషియెన్సీ ఇస్తుంది. చిప్‌ను 1.8 వోల్ట్‌లతో నడిపితే అది 49కి పడిపోతుంది. టీపీఎస్62740 లాంటి 360 నానో యాంప్ బక్‌కి అప్పుడు అర్థం ఉంటుంది. అయితే దాని 2×3 మిల్లీమీటర్ల ప్యాకేజీని చేత్తో అతికించడం కష్టమే.

సెన్సార్‌కు పవర్ ఏఓ3401 పీ-ఛానెల్ మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) గుండా ఇవ్వండి. సోర్స్ 3.0కి, డ్రెయిన్ సెన్సార్‌కి, గేట్-సోర్స్ మధ్య 1 మెగాఓమ్, చిప్ పిన్ నుంచి గేట్‌కి 10 కిలోఓమ్. పిన్ వోల్టేజీ సున్నాకి దిగితే సెన్సార్ ఆన్. ఆన్ కాగానే సెన్సార్ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంట్ లాగి చిప్ రీసెట్ అవుతుంటే గేట్-సోర్స్ మధ్య 100 నానోఫారడ్ చేర్చండి, నెమ్మదిగా ఎక్కుతుంది. ఆన్ చేశాక 50 మిల్లీ సెకన్లు ఆగి చదవండి; అప్పటికి అవుట్‌పుట్ నిలకడగా ఉందో లేదో ఒకసారి ఆసిలోస్కోప్‌లో చూడాలి. ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) రిఫరెన్స్‌గా వీడీడీ/4, అంటే చిప్ సరఫరా వోల్టేజీలో నాలుగో వంతు, పెడితే సరఫరా కాస్త కదిలినా రీడింగ్ పెద్దగా మారదు. ఏడీసీ పిన్‌కి పుల్-అప్ (పిన్‌ను సరఫరాకి కలిపే నిరోధకం) ఉంచారో, ఆఫ్‌లో ఉన్న సెన్సార్‌లోకి ఆ దారినే కరెంట్ కారుతుంది.

కొన్ని వీ1.2 సెన్సార్ బోర్డుల్లో రెండు లోపాలుంటాయి. మొదటిది, 1 మెగాఓమ్ నిరోధకం గ్రౌండ్‌కి కలవకపోవడం: పవర్ తీసేసి సిగ్నల్, గ్రౌండ్ మధ్య కొలిస్తే దాదాపు 1 మెగాఓమ్ రావాలి. రాకపోతే పాత వోల్టేజీ దిగదు, ఎండిన మట్టికి తడిసిన మట్టికి మధ్య రీడింగ్ ఈడుస్తూ మారుతుంది. రెండోది, టీఎల్‌సీ555 టైమర్ చిప్ బదులు ఎన్‌ఈ555 అతికించి ఉండటం. ఎన్‌ఈ555కి కనీసం 4.5 వోల్ట్‌లు కావాలి, 3 వోల్ట్‌లతో నమ్మలేం. ఆ టైమర్ చిప్ మీది అక్షరాలు చదివాకే సెన్సార్ కొనండి. మట్టిలో దిగే బోర్డు అంచులకు ఎపాక్సీ పూయడం మరవకండి, నీళ్లు దూరేది అక్కడే.

ఎన్‌ఆర్‌ఎఫ్ చిప్ లోపలే ఉన్న డీసీ-డీసీ (వోల్టేజీ తగ్గించే) కన్వర్టర్ రీసెట్‌లో ఆఫ్‌లో ఉంటుంది, కోడ్‌లో ఆన్ చేయాలి. అయితే మాడ్యూల్ మీద 10 మైక్రోహెన్రీ, 15 నానోహెన్రీ కాయిళ్లు ఉంటేనే. లేకుండా ఆన్ చేస్తే చిప్ ఆగిపోతుంది.

ఇప్పుడు సెన్సార్ సగటు: 5 మిల్లీ యాంప్‌లు, 0.05 సెకను, 900 సెకన్లకోసారి, అంటే 0.28 మైక్రో యాంప్. నిద్రలో చిప్‌కి 2, రెగ్యులేటర్‌కి 1.6, సెల్‌కి డీడబ్ల్యూ01 రక్షణ చిప్ ఉంటే దానికో 3. సెల్ తనంతట తాను నెలకు 2 శాతం కోల్పోతే అదొక్కటే సుమారు 28 మైక్రో యాంప్‌లతో సమానం. ఇక ఇంతకన్నా తక్కువ తాగే కన్వర్టర్ కోసం డబ్బు పెట్టడం దండగ.