తల, చేతులు మాత్రమే ఉన్న చెక్క విగ్రహం విరిగిపోయినదేనా?

గోవాలో పాత సామాను దుకాణంలో చూసిన స్త్రీమూర్తికి ముఖం, చేతులు తప్ప ఒళ్లే లేదనీ, నడుము కింద బద్దల గూడు ఉందనీ, విరిగిన సరుకంటూ సగం ధరకు ఇస్తామన్నారనీ రాశారు. కొని, మిగతా శరీరం వడ్రంగి చేత చేయించవచ్చా అని మీ ప్రశ్న.

చేయించకండి. దాని పుట్టుకే అంత. చర్చిల్లో ఉండే ఇలాంటి వాటిని పోర్చుగీసు వాళ్లు ‘రోకా’ విగ్రహాలంటారు. మన గుళ్లలో మూలవిరాట్టు కదలదు, ఉత్సవమూర్తే ఊరేగుతుంది కదా. ఇదీ ఊరేగడానికి చేసినదే. నిలువెత్తు మూర్తిని నిండు కలపతో చెక్కితే మోసేవాళ్ల భుజాలు ఉండవు. అందుకే కనబడే ముఖం, చేతుల మీదే శిల్పి పనితనమంతా పెట్టి, వస్త్రం కప్పే చోట ఉత్త బద్దలు బిగించేవాడు. మోచేతుల దగ్గర కీళ్లుంటే అవి బట్టలు తొడగడానికే. స్పెయిన్‌లోని సెవిల్లెలో హువాన్ దె మేసా 1620లో చెక్కిన ‘గ్రాన్ పొదేర్’ క్రీస్తు కూడా బట్టలు తొడిగే విగ్రహమే.

నేను పణజిలో తొమ్మిదేళ్లు పాత కలప సామాను మరమ్మతు చేశాను. మొదట్లో ఒక క్రీస్తు తల వచ్చింది. నడినెత్తిన ఒకటి, చెవుల పైన చెరొకటి సన్నని గాడులున్నాయి. పగుళ్లనుకుని రంపపు పొట్టు, బంక కలిపి నున్నగా పూడ్చేశాను. విగ్రహం తీసుకోవడానికి వచ్చిన పెద్దావిడ సంచిలోంచి గుడ్డలో చుట్టిన మూడు వెండి కిరణాలు తీసింది, క్రీస్తు తలకు అలంకారంగా గుచ్చేవి. వాటిని గుచ్చే చోటే లేదు! ఆవిడ ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ. రెండు రోజులు కూర్చుని సూదితో తవ్వి తీశాను. మూడు గాడులుంటే క్రీస్తు. నడినెత్తిన ఒకే రంధ్రముంటే కిరీటానికో, కాంతివలయానికో. మీరు చూసినదాని నెత్తి తడిమి చూడండి.

వీలైతే మట్టల ఆదివారానికి (ఈస్టర్‌కు ముందు వచ్చే ఆదివారం) ముందు సోమవారం గోవాలోనే ఉన్న గోవా వెల్హా అనే ఊరికి వెళ్లండి. సెయింట్ ఆండ్రూ చర్చి దగ్గర పునీతుల స్వరూపాలు వరుసగా భుజాల మీద బయలుదేరతాయి. అంగీ కింద గూడున్న మూర్తికి నడకలో బట్ట ఊగుతుంది. ఆ ఊపు చూశాక దానికి చెక్క ఒళ్లు చేయించాలని మీకే అనిపించదు.

ఇక ధర సంగతి. నన్నడిగితే ‘విరిగినది’ అన్న మాటకన్నా కాగితాలు లేకపోవడమే నాకు అనుమానం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటినదాన్ని అమ్మడానికి లైసెన్సు ఉండాలి. చెక్క శిల్పాలకు నమోదు కూడా తప్పనిసరి. దేశం దాటించకూడదు. ప్రార్థనాలయాల నుంచి దొంగిలించినవీ ఈ దారినే అంగడికి చేరతాయి. నమోదు పత్రం చూపలేదంటే ఎంత ముద్దొచ్చినా వదిలేయండి.

అన్నీ సరిగా ఉండి కొంటే నీళ్లతో తుడవకండి, వార్నిష్ వేయకండి. రంగు కింద సుద్ద, బంక కలిపిన పూత ఉంటుంది. తడి తగిలితే పెచ్చులుగా లేస్తుంది. పొడి కుంచె చాలు. బద్దల కింద నల్లని కాగితం పరిచి వారం ఆగండి. దాని మీద పిండిలా పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు.